పది తర్వాత ఏ గ్రూపు? పై చదువుల సీటును దృష్టిలో పెట్టుకుని ఇంటర్‌ను ఎంచుకునే పద్ధతి

ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు తీసుకోవాలన్న ప్రశ్నకు మన దగ్గర చాలా ఇళ్లలో జవాబు పదో తరగతి పరీక్షలకు ముందే తయారైపోతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ప్రైవేటు కాలేజీల ప్రచారం చేసే పీఆర్వోలు మన వరంగల్ చుట్టుపక్కల పరకాల, నర్సంపేట, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి, ఇప్పుడే చేరితే ఫీజులో రాయితీ ఇస్తామని చెప్పి, ఎంతో కొంత అడ్వాన్సు కట్టించుకుని వెళ్తారు. ఆ తర్వాత ఆ కాలేజీలో ఏ గ్రూపు బాగా నడుస్తుందంటే అదే పిల్లల గ్రూపు అవుతుంది. ఈ వరసను పూర్తిగా తిరగేయాలన్నది నా గట్టి అభిప్రాయం. ముందు పిల్లలు చేరాలనుకునే పై చదువును చూడాలి, దానికి ఏ ప్రవేశ పరీక్ష ఉందో, ఆ పరీక్షకు ఏ సబ్జెక్టులు తప్పనిసరో తెలుసుకోవాలి, వాటిని బట్టి గ్రూపును, గ్రూపు తేలాకే కాలేజీని వెతకాలి.

పదిహేనేళ్ల వయసులో జీవితంలో ఏం కావాలో పిల్లలకు తెలియకపోవడం సహజమే. అందుకని ఒకే లక్ష్యం రాయమని వాళ్లను నిలదీయనక్కరలేదు. ఒక నోటుపుస్తకంలో నచ్చిన చదువులు రెండో మూడో రాయించి, ఒక్కోదాని ఎదురుగా అర్హతలో అడిగే సబ్జెక్టులు రాయించండి. అలా రాయడం మొదలుపెడితే ఒక సంగతి త్వరగానే తేలిపోతుంది. గ్రూపులు పేరుకు ఎంపీసీ (లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ), బైపీసీ (జీవశాస్త్రం, ఫిజిక్స్, కెమిస్ట్రీ), ఎంఈసీ (లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్), సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్), హెచ్‌ఈసీ (చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్) అని ఐదు కనిపిస్తున్నా, పై చదువుల సీట్ల విషయంలో అసలు తేడా తెచ్చేవి రెండే సబ్జెక్టులు: లెక్కలు, జీవశాస్త్రం. ఏ గ్రూపులో చేరినా వీటిలో ఒకటో రెండో వదిలేస్తాం. ఏది వదులుతున్నామో, దానితోపాటు ఏ చదువులు చేజారుతున్నాయో తెలిసి వదలడమే గ్రూపు ఎంపికలో ప్రధానమైన పని.

లెక్కలు వదిలితే ఏం పోతుంది, జీవశాస్త్రం వదిలితే ఏం పోతుంది

జీవశాస్త్రం వదిలినవారికి ఎంబీబీఎస్, బీడీఎస్, ఆయుర్వేదం, హోమియో, పశువైద్యం, నర్సింగ్, బీఎస్సీ అగ్రికల్చర్ వంటివి పోతాయి. ఇది చిన్న జాబితా కాదు గానీ, దాని హద్దులు స్పష్టంగా ఉంటాయి. డాక్టరు చదువో వ్యవసాయ చదువో కావాలనుకునే పిల్లలకు ఆ కోరిక సాధారణంగా ముందే తెలుస్తుంది కాబట్టి, ఇక్కడ పొరపాటు పడేవారు తక్కువ.

లెక్కలు వదిలినప్పుడు పోయేవాటి హద్దులు అంత స్పష్టంగా కనిపించవు. ఇంజినీరింగ్ పోతుందని అందరికీ తెలుసు. ఆర్కిటెక్చర్ పోతుందని, ఎన్‌డీఏ (జాతీయ రక్షణ అకాడమీ) పరీక్ష రాసి వైమానిక దళంలోనో నౌకాదళంలోనో చేరాలంటే ఫిజిక్స్, కెమిస్ట్రీతోపాటు లెక్కలూ ఉండాలని, మర్చంట్ నేవీకి కూడా లెక్కలే అడుగుతారని, డిగ్రీలో లెక్కలు, స్టాటిస్టిక్స్ ఉన్న బీఎస్సీ కాంబినేషన్లు దొరకవని, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్ ఆనర్స్ చదవాలన్నా సీయూఈటీలో (కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్షలో) లెక్కల పేపరు రాయాల్సిందేనని చాలామందికి ఇంటర్ అయిపోయాకే తెలుస్తుంది. అందువల్ల పిల్లలు ఇంకా ఏదీ తేల్చుకోలేకపోతున్నప్పుడు, లెక్కలు వాళ్లకు మరీ బరువు కాకపోతే, లెక్కలున్న గ్రూపువైపే మొగ్గాలని నేను చెబుతాను. ఇందులో “మరీ బరువు కాకపోతే” అన్న మాట ముఖ్యమైనది. దాన్ని ఎలా కనిపెట్టాలో కింద వివరిస్తాను.

ఎంపీసీ, బైపీసీ రెండు గ్రూపులవారికీ దొరికే చదువులు కూడా కొన్ని ఉన్నాయి. అవి తెలియక అనవసరంగా ఇష్టమైన సబ్జెక్టును వదులుకున్నవారిని చూస్తే బాధ కలుగుతుంది. పరకాల వైపు నుంచి కూతురిని వెంటబెట్టుకుని వచ్చిన ఒక తండ్రి నన్ను ఇలా అడిగాడు: “సార్, మా బిడ్డకు లెక్కలంటే పానం. గని ఫార్మసీ చదువుత అంటది. బైపీసీల ఏస్తే ఇగ లెక్కలు పోతయ్ కద?” ఆ అమ్మాయి తలవంచుకుని నిలబడి ఉంది. బి.ఫార్మసీ, ఫార్మ్.డి సీట్లను మన తెలంగాణలో ఈఏపీసెట్ (ఇంజినీరింగ్, వ్యవసాయ, ఫార్మసీ కోర్సులకు రాష్ట్ర ప్రవేశ పరీక్ష) ఎంపీసీ కౌన్సెలింగ్‌లోనూ ఇస్తారు, బైపీసీ కౌన్సెలింగ్‌లోనూ ఇస్తారు. కాబట్టి ఫార్మసీ కోసం లెక్కలు మానవలసిన అవసరమే లేదని చెప్పాను. ఎంపీసీ తీసుకుంటే ఆ అమ్మాయికి ఫార్మసీ ఎలాగూ ఉంటుంది, దానితోపాటు ఇంజినీరింగ్ కూడా చేతిలో ఉంటుంది. అటువైపు చూస్తే, బైపీసీ చదివినవారు బయోటెక్నాలజీ, బయోమెడికల్ వంటి కొన్ని బీటెక్ కోర్సుల్లో చేరవచ్చు. వ్యవసాయంలోనూ ఇలాంటి చీలికే ఉంది: బీఎస్సీ అగ్రికల్చర్‌కు బైపీసీ కావాలి, అగ్రికల్చరల్ ఇంజినీరింగ్‌లో బీటెక్‌కు ఎంపీసీ కావాలి. మన ఆత్మకూరు మండలం అక్కంపేటలో పుట్టిన జయశంకర్ సారు పేరు పెట్టుకున్న వ్యవసాయ విశ్వవిద్యాలయంలో రైతుబిడ్డలకు ప్రత్యేక కోటా ఉంది. సొంత భూమి, గ్రామీణ ప్రాంతంలో చదువు వంటి షరతులు దానికి ఉంటాయి కాబట్టి, పల్లెల్లో చదివిన పిల్లల తల్లిదండ్రులు పట్టాదారు పాసుపుస్తకాన్ని, బడి నుంచి తీసుకోవలసిన స్టడీ సర్టిఫికెట్లను ముందునుంచే భద్రంగా ఉంచుకోవడం మంచిది.

ఒక సబ్జెక్టును వదిలాక మళ్లీ అందుకునే అవకాశం అసలే లేదని కాదు. బైపీసీ పాసైనవారు లెక్కలను అదనపు సబ్జెక్టుగా రాసుకోవచ్చు. జీవశాస్త్రాన్ని పన్నెండో తరగతి తర్వాత అదనపు సబ్జెక్టుగా పూర్తిచేసినవారిని వైద్య విద్య ప్రవేశ పరీక్షయిన నీట్‌కు అనుమతించాలని జాతీయ వైద్య కమిషన్ 2023లో నిర్ణయించింది. అయినా రెండేళ్ల పాఠాన్ని ఒంటరిగా, క్లాసులు లేకుండా చదువుకోవడం ఎంత కష్టమో ఆలోచిస్తే, దాన్ని ఆపదలో ఆదుకునే మార్గంగానే చూడాలి. “తర్వాత చూసుకుందాంలే” అనుకుని దానిమీద భరోసా పెట్టుకుని గ్రూపు ఎంచుకోకూడదు.

ప్రవేశ పరీక్షను విప్పి చూడండి

గ్రూపు పేరు చూసి ఊరుకోకుండా, ఆ గ్రూపు చివర ఎదురయ్యే పరీక్షలో ఏ సబ్జెక్టుకు ఎన్ని మార్కులో లెక్క వేసుకోవాలి. టీజీ ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపరులో 160 ప్రశ్నలుంటాయి. వాటిలో లెక్కలవే 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. సమయం మూడు గంటలు. అంటే ఒక్కో ప్రశ్నకు నిమిషం మీద కొద్ది సెకన్లే దొరుకుతాయి. తప్పు జవాబుకు మార్కులు కోయరు. సగం పేపరు లెక్కలే కాబట్టి, ఎంపీసీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ బాగా వచ్చి లెక్కల్లో వెనకబడిన విద్యార్థికి మంచి ర్యాంకు రావడం చాలా కష్టం. వ్యవసాయ, ఫార్మసీ విభాగంలో ఆ 80 ప్రశ్నలు వృక్షశాస్త్రం, జంతుశాస్త్రాలవి. ఈ పరీక్ష ఇంగ్లిష్‌తోపాటు తెలుగులోనూ ఉంటుంది.

నీట్‌లో 180 ప్రశ్నలకు 720 మార్కులు. జీవశాస్త్రానికి 90 ప్రశ్నలు, ఫిజిక్స్, కెమిస్ట్రీలకు 45 చొప్పున. సరైన జవాబుకు నాలుగు మార్కులు కలుపుతారు, తప్పు జవాబుకు ఒక మార్కు తీసేస్తారు. జీవశాస్త్రం ఇష్టమని బైపీసీలో చేరేవారు గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, 180 మార్కులు ఫిజిక్స్‌వే. జీవశాస్త్రం చదివి గుర్తుపెట్టుకోగల పిల్లలు చాలామంది ఉంటారు కాబట్టి అక్కడ పోటీదారుల మధ్య తేడా తక్కువగా ఉంటుంది. ర్యాంకును విడదీసేది తరచుగా ఫిజిక్సే. లెక్కలంటే భయంతో బైపీసీకి వచ్చిన విద్యార్థికి ఫిజిక్స్‌లో మళ్లీ త్రికోణమితి, సదిశలు, వాలులు, వైశాల్యాలు ఎదురవుతాయి. “లెక్కలు రావు, అందుకే బైపీసీ” అన్న కారణం ఒక్కటే సరిపోదని నేను పదేపదే చెప్పడం ఇందుకే.

ఎన్‌ఐటీల వంటి జాతీయ ఇంజినీరింగ్ సంస్థలకు ప్రవేశ పరీక్షయిన జేఈఈ మెయిన్‌లో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీలకు 25 చొప్పున ప్రశ్నలు, మొత్తం 300 మార్కులు. ఇక్కడ మూడింటికీ సమాన బరువు. జేఈఈ మెయిన్‌ను, నీట్‌ను తెలుగులో కూడా రాయవచ్చు. ఐఐటీలకు రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లిష్, హిందీ భాషల్లోనే ఉంటుంది, వరుసగా రెండేళ్లలోనే రెండుసార్లు రాయనిస్తారు. తెలుగు మీడియంలో చదివి ఐఐటీ వైపు చూసే విద్యార్థి ఇంటర్ మొదటి రోజు నుంచే సాంకేతిక పదాలను రెండు భాషల్లోనూ రాసుకుంటూ పోవాలి.

ఇంటర్ మార్కులకు ఇప్పుడు విలువ లేదన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఒకప్పుడు మన ఎంసెట్ (ఈఏపీసెట్ పాత పేరు) ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది, దాన్ని తీసేశారు. అంతవరకు నిజమే. అయితే ఈఏపీసెట్‌తో ఇంజినీరింగ్ సీటు రావాలంటే గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ వర్గాలవారికి 40 శాతం మార్కులు ఉండాలి. ఎంబీబీఎస్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, జీవశాస్త్రాల్లో కలిపి జనరల్ వర్గానికి 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40 శాతం కావాలి. ఎన్‌ఐటీలో చేరాలంటే జేఈఈ మెయిన్ ర్యాంకుతోపాటు ఇంటర్‌లో 75 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం ఉండాలి, లేదా ఆ బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో (మొదటి 20 శాతం మందిలో) నిలవాలి. డిగ్రీలో చేరేవారికైతే ఇంటర్ మార్కులే సర్వస్వం. 2016 నుంచి డిగ్రీ సీట్లను రాష్ట్ర ఆన్‌లైన్ ప్రవేశాల విధానమైన దోస్త్ ద్వారా ఇంటర్ మార్కుల ఆధారంగానే కేటాయిస్తున్నారు. సుబేదారిలోని యూనివర్సిటీ ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీలో, కాకతీయ ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో, పింగిళి మహిళా కాలేజీలో కోరుకున్న కోర్సు దొరకాలంటే ఫస్టియర్ నుంచి వచ్చిన ప్రతి మార్కూ పనికొస్తుంది.

పిల్లలకు ఏది నప్పుతుందో ఇంట్లోనే చూసుకునే పద్ధతి

పదో తరగతి మార్కులు దీనికి పూర్తిగా నమ్మదగిన కొలత కావు. గైడు చూసి అభ్యాసాలన్నీ బట్టీపట్టినా లెక్కల్లో తొంభై దాటే అవకాశం ఉంది, కానీ ఆ విద్యార్థి ఇంటర్‌లో మొదటి నెలలోనే ఇబ్బంది పడతాడు. అందుకని సంక్రాంతి సెలవుల్లోనో, పరీక్షలు ముగిసిన ఏప్రిల్ రోజుల్లోనో ఒక చిన్న ప్రయత్నం చేయండి. త్రికోణమితి అనువర్తనాల పాఠం నుంచి ఇలాంటి లెక్క ఒకటి ఇవ్వండి: ఒక సెల్ టవర్ అడుగు నుంచి 30 మీటర్ల దూరంలో నిలబడి చూస్తే దాని కొన 60 డిగ్రీల ఊర్ధ్వకోణంలో కనిపిస్తోంది. ఆ కోణం 30 డిగ్రీలు కావాలంటే ఇంకా ఎంత దూరం వెనక్కి నడవాలి? జవాబు 60 మీటర్లు. జవాబు వచ్చిందా లేదా అన్నదానికంటే ఎలా చేశారన్నది చూడండి. చెప్పకుండానే బొమ్మ గీసుకున్నారా? మొదటి కోణం నుంచి టవరు ఎత్తు కనుక్కుని, ఆ ఎత్తునే రెండో త్రిభుజంలో వాడుకోవాలని తట్టిందా? తప్పు వస్తే ఎక్కడ తప్పిందో వెనక్కి వెళ్లి వెతికారా, లేక వెంటనే గైడు కోసం చేయి చాచారా? తప్పును వెతుక్కోవడంలో పది నిమిషాలు గడిపినా విసుగు పుట్టని పిల్లలకు ఎంపీసీ నప్పుతుంది, మార్కులు కాస్త తక్కువగా ఉన్నా సరే.

జీవశాస్త్రానికి ఇంకో పద్ధతి. హన్మకొండ చౌరస్తా దగ్గర పుస్తకాల దుకాణాల్లోనో, పై తరగతి చదివిన అక్కల దగ్గరో అన్నల దగ్గరో తెలుగు అకాడమీ ఫస్టియర్ వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం పుస్తకాలు దొరుకుతాయి. ఒక పాఠంలో పది పేజీలు చదివించి, మరుసటి రోజు పుస్తకం మూసి సొంత మాటల్లో చెప్పమనండి. ఒక పటం చూడకుండా గీయించి, భాగాలు గుర్తించమనండి. బైపీసీలో రెండేళ్లూ చేయవలసిన పని దాదాపు ఇదే: చాలా చదవాలి, పేర్లు పొల్లుపోకుండా గుర్తుంచుకోవాలి, మళ్లీ మళ్లీ తిరగేయాలి. దీన్ని ఇష్టంగా చేసేవారున్నారు, శిక్షగా భావించేవారూ ఉన్నారు. అదే విధంగా ఎంపీసీ అనుకునేవారికి ఫస్టియర్ లెక్కల పుస్తకంలో మాత్రికల పాఠం తెరిచి, మొదటి కొన్ని పేజీలు తమంతట తాము అర్థం చేసుకోగలరేమో చూడమనండి. అంతా అర్థం కావాలని కాదు. రెండో రోజు కూడా ఆ పుస్తకం తెరవాలనిపించిందా అన్నదే చూడాలి.

ఈ ప్రయత్నంలో తల్లిదండ్రులు పక్కన కూర్చోవచ్చు గానీ మధ్యలో జోక్యం చేసుకోకూడదు. తమకు చదువు రాదని వెనక్కి తగ్గనక్కరలేదు కూడా. పిల్లలు ఎంతసేపు కూర్చున్నారో, ఏ పుస్తకాన్ని తమంతట తామే మళ్లీ పట్టుకున్నారో చూడటానికి చదువు రావలసిన పని లేదు.

ఎంఈసీ, సీఈసీ, హెచ్‌ఈసీ

ఈ గ్రూపులను మిగిలిపోయినవారి గ్రూపులుగా చూసే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. అది అన్యాయం. డిగ్రీ ఉంటే చాలు సివిల్స్, గ్రూప్-1, గ్రూప్-2 పరీక్షలు రాయవచ్చు, ఇంటర్‌లో ఏ గ్రూపు చదివారని ఎవరూ అడగరు. న్యాయవిద్య చదవాలనుకునేవారికి లాసెట్ ద్వారా ఐదేళ్ల కోర్సు ఉంది, హైదరాబాద్‌లోని నల్సార్ వంటి జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు క్లాట్ ఉంది. రెండింటికీ ఏ గ్రూపైనా సరే. క్లాట్‌లో ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకోవడం, వర్తమాన విషయాలు, న్యాయ తర్కం వంటివే ఎక్కువ. కాబట్టి న్యాయవాది కావాలనుకునే విద్యార్థి రెండేళ్లు ఎంపీసీలో గడపడం కంటే సీఈసీనో హెచ్‌ఈసీనో తీసుకుని పత్రికలు, పుస్తకాలు చదవడంలో ఆ సమయం పెట్టడమే మేలు.

సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) చేయాలనుకునేవారు ఏ గ్రూపు నుంచైనా దాని తొలి పరీక్ష ఫౌండేషన్ రాయవచ్చు. ఆ పరీక్షలో అకౌంటింగ్, వ్యాపార చట్టాలు, బిజినెస్ ఎకనామిక్స్‌తోపాటు క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్ అనే పేపరు ఉంటుంది. అందులో లెక్కలు, స్టాటిస్టిక్స్ వస్తాయి కాబట్టి ఎంఈసీ వారికి అది సులువవుతుంది. సీఈసీ వారు ఆ ఒక్క పేపరుకు అదనంగా కష్టపడవలసి ఉంటుంది. లెక్కలు ఇష్టమే గానీ ఫిజిక్స్, కెమిస్ట్రీ మీద మనసు లేని పిల్లలకు ఎంఈసీ చక్కటి గ్రూపు. ఇంజినీరింగ్ ఒక్కటీ వద్దనుకుంటే, లెక్కలతో అందే చదువుల్లో మంచి భాగం వారికీ ఉంటుంది. మన చుట్టుపక్కల మోడల్ స్కూళ్లలో ఎంపీసీ, బైపీసీలతోపాటు ఎంఈసీ, సీఈసీ కూడా ఉన్నాయి.

ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఉత్తర తెలంగాణ పిల్లలకు మరో మంచి అవకాశం దగ్గరికి వచ్చింది. అక్కడ ఇంగ్లిష్, ఎకనామిక్స్ బీఏ కోర్సులతో చదువులు మొదలయ్యాయి. వీటిలో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సుల్లో చేరాలంటే సీయూఈటీ రాయాలి. ఇంటర్ మార్కులతోనే సీటు వస్తుందనుకుని ఈ పరీక్షకు దరఖాస్తు చేయకపోతే ఆ ఏడాది అవకాశం పోతుంది. ఆర్ట్స్ గ్రూపుల విద్యార్థులకు దీని గురించి చెప్పేవారు తక్కువ, అందుకే ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఎక్కడ చదువుతున్నారన్నది కూడా సీటును నిర్ణయిస్తుంది

గ్రూపు గురించి నెలల తరబడి చర్చించి, ఈ సంగతి ఒక్క నిమిషం కూడా ఆలోచించని కుటుంబాలున్నాయి. ఇంటర్ కోసం పిల్లలను విజయవాడకో గుంటూరుకో పంపితే, లేదా సరిహద్దు ఊళ్ల నుంచి మహారాష్ట్రలో చేర్పిస్తే, సీట్ల విషయంలో నష్టం రావచ్చు. రాష్ట్ర కోటా ఎంబీబీఎస్ సీట్లకు స్థానికులు కావాలంటే అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు, తెలంగాణలోనే చదివి ఉండాలని 2024లో జీవో 33 తెచ్చారు. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో దాన్ని సమర్థించింది. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లోనూ 85 శాతం సీట్లు స్థానికులకే. అక్కడ కూడా ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్ల చదువే ప్రధానంగా చూస్తారు.

ఎన్‌ఐటీ విషయం ఇంకా స్పష్టంగా ఉంది. 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలై 2002లో ఎన్‌ఐటీ అయిన మన వరంగల్ సంస్థలో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికి. విద్యార్థి ఏ రాష్ట్రంలో పన్నెండో తరగతి పాసయ్యాడో అదే సొంత రాష్ట్రంగా లెక్కిస్తారు, పుట్టిన ఊరు గానీ ఇల్లున్న ఊరు గానీ కాదు. కాజీపేటలో పుట్టి పెరిగిన పిల్లవాడు ఇంటర్‌ను ఆంధ్రప్రదేశ్‌లో రాస్తే, ఇంటి పక్కనే ఉన్న ఎన్‌ఐటీకి బయటి రాష్ట్రం వాడవుతాడు. కాలేజీ హైదరాబాద్‌లోనే ఉన్నా, హాల్‌టికెట్ ఏ రాష్ట్ర బోర్డు పేరున వస్తుందో ఖాయం చేసుకోవాలి.

ఇంటర్ కాకుండా ఉన్న దారులు

ఇవి గడువులతో ముడిపడ్డవి కాబట్టి పదో తరగతి ఫలితాల కోసం ఎదురుచూడకుండా ముందే ఆలోచించాలి. మూడేళ్ల డిప్లొమాకు పాలీసెట్ రాయాలి, దరఖాస్తులు ఫలితాలకు ముందే మొదలవుతాయి. డిప్లొమా తర్వాత ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. చేతిపని ఇష్టమై, త్వరగా ఉద్యోగం కూడా అవసరమైన ఇళ్లలో ఇది ఎంపీసీ కంటే భద్రమైన ఎంపిక అని నా నమ్మకం. బాసరలోని ఆర్జీయూకేటీలో (ట్రిపుల్ ఐటీలో) పదో తరగతి ప్రతిభ ఆధారంగా ఆరేళ్ల చదువులో చేర్చుకుంటారు. మొదటి రెండేళ్లు ఇంటర్‌కు సమానమైన చదువు, తర్వాత నాలుగేళ్లు బీటెక్. ప్రభుత్వ బడుల పిల్లలకు అక్కడ అదనపు ప్రాధాన్యం ఉంటుంది. ప్రభుత్వ గురుకుల జూనియర్ కాలేజీల్లో చేరడానికి జరిగే ప్రవేశ పరీక్షకూ ముందే దరఖాస్తు పెట్టాలి.

ఒకేషనల్ (వృత్తివిద్య) ఇంటర్ చదివినవారు తమకు లేని సబ్జెక్టుల కోసం పెట్టిన బ్రిడ్జి కోర్సు రాస్తే పై చదువులకు వెళ్లే వీలుంది. ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్), మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సుల్లో చేరే పిల్లలు నర్సింగ్ వంటివి కోరుకుంటే, బ్రిడ్జి కోర్సు పాఠాలు తమ కాలేజీలోనే చెబుతారా లేదా అన్నది చేరేముందే అడగాలి.

కాలేజీకి వెళ్లినప్పుడు

గ్రూపు తేలింది కాబట్టి ఇప్పుడు కాలేజీ. ముందుగా ఇంటర్ బోర్డు వెబ్‌సైట్‌లో గుర్తింపు పొందిన కాలేజీల జాబితాలో ఆ కాలేజీ కోడ్ ఉందో లేదో చూడండి. ఒకే పేరుతో నాలుగు భవనాలు నడుస్తుంటే, మీ పిల్లలు చదివే భవనానికే గుర్తింపు ఉందా అన్నది కాలేజీ ప్రిన్సిపల్‌నే అడగాలి, పీఆర్వోను కాదు. అదే ఎంపీసీలో ఐఐటీ బ్యాచ్, మెయిన్ బ్యాచ్, ఈఏపీసెట్ బ్యాచ్ అని వేరుచేస్తారు. ఏ బ్యాచ్‌లో వేస్తారు, మధ్యలో బ్యాచ్ మారిస్తే ఫీజు మారుతుందా, బోర్డు సిలబస్ పాఠాలు ఎప్పుడు పూర్తిచేస్తారు అన్నవి రాతపూర్వకంగా తెలుసుకోండి. సాధారణ విద్యార్థిని ఐఐటీ బ్యాచ్‌లో కూర్చోబెడితే, ఆ పాఠమూ అందక, బోర్డు పాఠమూ అందక రెండు విధాలా నష్టపోతాడు. ఈఏపీసెట్ బ్యాచ్‌లో ఉండి నిలకడగా చదివిన విద్యార్థి అతనికంటే ముందుంటాడు.

ల్యాబులు చూపించమని అడగండి. ఎంపీసీకి రెండు, బైపీసీకి నాలుగు సబ్జెక్టుల్లో ప్రాక్టికల్స్ ఉంటాయి, వాటికి మార్కులూ ఉంటాయి. తాళం వేసిన గది చూపించి “ఇదే ల్యాబు” అంటే ఇంకో కాలేజీ చూసుకోవచ్చు. ప్రభుత్వ జూనియర్ కాలేజీని ఈ వెతుకులాటలో తప్పకుండా చేర్చండి. అర్హత గల లెక్చరర్లు, గుర్తింపుకు సంబంధించిన చిక్కు లేకపోవడం, ఫీజు భారం లేకపోవడం అక్కడి బలాలు. ప్రవేశ పరీక్షకు సొంతంగా సాధన చేయగల విద్యార్థికి అది ఏ విధంగానూ తక్కువ కాదు.

సెకండ్ లాంగ్వేజ్ విషయంలో చాలా ప్రైవేటు కాలేజీలు మార్కులు బాగా వస్తాయని సంస్కృతం ఇచ్చేస్తాయి. ఈఏపీసెట్ అర్హతకు చూసేది గ్రూపు సబ్జెక్టుల మార్కులే కాబట్టి, తెలుగు తీసుకున్నందువల్ల ఇంజినీరింగ్ సీటుకు వచ్చే నష్టం లేదు. దోస్త్‌లోనూ, ఎన్‌ఐటీ 75 శాతం లెక్కలోనూ భాష మార్కులు కలుస్తాయి, ఆ మేరకు ఆలోచించుకోవచ్చు. తెలుగు టీచరు కావాలనుకునేవారు, పోటీ పరీక్షల వ్యాసాలు తెలుగులో రాయాలనుకునేవారు మాత్రం తెలుగే తీసుకోవాలి, కాలేజీ కాదంటే పట్టుబట్టాలి.

చేరిన తర్వాత గ్రూపు నప్పలేదని తెలిస్తే మొదటి మూడు నాలుగు వారాల్లోనే తేల్చుకోండి. అడ్మిషన్ల గడువు ముగిసేలోగా ప్రిన్సిపల్‌కు దరఖాస్తు ఇచ్చి గ్రూపునో మీడియాన్నో మార్చుకునే వీలుంటుంది, గడువు దాటాక మారాలంటే ఏడాది పోతుంది. అందుకే జూన్ చివరివారంలో పిల్లలతో ఒకసారి తీరిగ్గా మాట్లాడి, నోటుపుస్తకాలు చూసి, ఏ క్లాసులో కూర్చోలేకపోతున్నారో అడగండి. ఫీజు మొత్తం ఒకేసారి కట్టకుండా వాయిదాల్లో కట్టడం, ప్రతి వాయిదాకు రసీదు తీసుకోవడం, పది మెమో, టీసీ ఒరిజినల్స్ ఇచ్చేటప్పుడు వాటి జిరాక్సులపై కాలేజీ ముద్ర వేయించి ఉంచుకోవడం కూడా ఇందుకు ఉపయోగపడతాయి. అవి చేతిలో ఉంటే గ్రూపు మారినా, కాలేజీ మారినా కాగితాల కోసం తిరగవలసిన అవసరం తగ్గుతుంది.